47లో గండం అన్నారు. జాతకాలు నమ్మను, అయినా భయం పోవడం లేదు

ఆదోని_గుమాస్తా (ఆదోని, కర్నూలు జిల్లా)

అందరికీ నమస్కారం. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను.

వచ్చే శ్రావణంలో నాకు 47 మొదలవుతుంది. మా పెళ్లప్పుడు జాతకాలు చూసినాయన "అబ్బోడికి నలభై ఏడులో గండం ఉంది, అది దాటితే ఎనభై దాకా ఢోకా లేదు" అన్నాడు. అప్పుడు నేను పట్టించుకోలేదు. జిన్నింగు మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి, వారఫలాలు చదివేవాళ్లతో రోజూ వాదన పెట్టుకునే రకం. అయితే మా నాయన 48లో పోయినాడు. చేలో నీళ్లు కడుతూ గుండె పట్టుకుని గట్టు మీద కూలబడినాడు. అంతే, మళ్లీ లేవలేదు.

పోయిన ఏడు నుంచి రాత్రి పడుకుంటే చెవిలో గుండె చప్పుడే. ఎడమ మణికట్టు మీద వేళ్లు పెట్టుకుని లెక్కపెడుతుంటా. లెక్కపెట్టే కొద్దీ అది వేగం పుంజుకుంటుంది. చెమటలు, ఊపిరాడనట్టు. పది పదిహేను నిమిషాలకు తగ్గుతుంది. ఇంటి లోను కాగితాలు బీరువాలోనే ఉన్నాయి, సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదు. శనివారం బండి తీయను. ఎందుకని ఇంటావిడ అడిగితే పెట్రోలు లేదంటా.

నా ప్రశ్న ఒకటే. గండం మాట నేను నమ్మను. మరి నమ్మనివాడికి ఈ భయం ఎందుకు?

---

మంత్రాలయం_దాసు

అన్నా, నువ్వు నమ్మినా నమ్మకపోయినా మనసు ఎక్కడో ఒకచోట తల ఆనించాలి. ఆయుష్య హోమం చేయించు, మృత్యుంజయ జపం చేయించు. ఖర్చు గురించి భయపడొద్దు, ఇంట్లో కూర్చుని నువ్వే జపం చేసుకున్నా చాలు.

మా రాఘవేంద్ర స్వామి 1671లో బృందావన ప్రవేశం చేసినప్పుడు శిష్యులకు ముందే చెప్పి, ఏర్పాట్లన్నీ దగ్గరుండి చేయించుకుని లోపలికి వెళ్లారని పెద్దలు చెప్తారు. కడప జిల్లా బ్రహ్మంగారి మఠంలోనూ జీవసమాధే కదా. ఈ సీమలో మనం పూజించే పెద్దలు చావును చూసి పారిపోయినవాళ్లు కాదు. ఒక గురువారం తుంగభద్ర ఒడ్డున కూర్చో. ఆదోని నుంచి ఎంత దూరం?

---

అనంత_హేతువాది (అనంతపురం)

దాసు గారి మనసు మంచిది, కానీ హోమం చెప్తే గండం ఉందని ఒప్పుకున్నట్టే.

గండం అనే మాట ఎలా పనిచేస్తుందో చూడండి. 47లో మనిషి పోతే "చెప్పినట్టే జరిగింది" అంటారు. బతికితే "గండం దాటినాడు" అంటారు. జ్వరమొచ్చి తగ్గినా, బండి మీద నుంచి పడి మోచెయ్యి గీసుకున్నా అదే గండం, తేలిగ్గా పోయింది అంటారు. ఏం జరిగినా తప్పు కాలేని మాట అది. అందులో సమాచారం ఏమీ లేదు. మీ పెళ్లిలో ఆయన 52 అని ఉంటే ఈ రాత్రి మీరు హాయిగా నిద్రపోయేవాళ్లు. ఒక మనిషి నోటికొచ్చిన అంకె మీ గుండె ఎందుకు కొట్టుకోవాలో నిర్ణయిస్తోంది. నాకు నిజంగా కోపం వచ్చేది అక్కడే.

---

సిస్టర్_కర్నూలు

నేను గుండె జబ్బుల వార్డులో పనిచేసిన నర్సుని. మిగతా చర్చ మీరు చేసుకోండి, ముందు నా మాట వినండి.

అన్నా, జాతకం సంగతి పక్కన పెడితే మీ నాయన 48లో గుండెపోటుతో పోవడం మాత్రం లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమే. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్ల లోపు గుండె జబ్బు వస్తే మిగతావాళ్లకంటే మీకు ముప్పు ఎక్కువ. దానికి చేయాల్సింది తెలిసిన పనే. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి, ఒక ఈసీజీ తీయించుకోవాలి, బీడీ సిగరెట్టు ఉంటే మానేయాలి. పెద్దాసుపత్రికి పోయినా చాలు.

రాత్రిపూట వచ్చేది, వేగంగా పెరిగి పది పదిహేను నిమిషాల్లో తగ్గేది, పానిక్ అటాక్ (ఒక్కసారిగా ముంచుకొచ్చే భయం) లాగా ఉంది. అందులో మనిషి చచ్చిపోతాననే అనుకుంటాడు, చావడు. కానీ "ఇది టెన్షనే" అని ఫోన్లో చూసి ఎవరూ తేల్చకూడదు. ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉండి, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకితే, నడిస్తే ఎక్కువైతే, తెల్లారనీయకుండా 108కి ఫోన్ చేయండి. గుండె బాగుందని తేలాక భయం గురించి మాట్లాడుకుందాం.

---

పొద్దుటూరు_మాష్టారు (కడప జిల్లా)

సిస్టర్ చెప్పిన వరసే సరైనది. నేను డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. గుమాస్తా గారి ప్రశ్న చాలా విలువైన ప్రశ్న కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఎల్లిస్ అని ఒక సైకాలజిస్టు ఉండేవాడు (1913–2007). 1950ల నడిమిలో ఒక వైద్య పద్ధతి మొదలుపెట్టాడు. ఇప్పుడు దాన్ని రేషనల్ ఎమోటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. ఆయన సూత్రం తేలికైనదే. జరిగిన సంఘటన మనల్ని నేరుగా కుంగదీయదు, దాని మీద మనం పెట్టుకున్న నమ్మకం కుంగదీస్తుంది. ఇది తను కనిపెట్టింది కాదని కూడా చెప్పుకున్నాడు. దాదాపు 1900 ఏళ్ల కింద ఎపిక్టెటస్ అనే గ్రీకు తాత్వికుడు ఇదే చెప్పాడు, పైగా అందుకు ఉదాహరణగా చావునే తీసుకున్నాడు. బానిసగా పుట్టిన మనిషి ఆయన.

మనకు పనికొచ్చేది ఎల్లిస్ నమ్మకాలను ఎట్లా వేరు చేశాడన్నది. అహేతుకం అంటే మనం వెంటనే బల్లిపాటు, పిల్లి ఎదురు, గండం అనుకుంటాం. ఆయన చూసింది అది కాదు. మనసులో మొండిపట్టు ఉందా లేదా అని చూశాడు. "నేను బతకాలని ఎంతో కోరుకుంటున్నాను" అనేది కోరిక. "నేను బతికి తీరాల్సిందే, లేకపోతే ఒప్పుకునేది లేదు" అనేది పట్టు. పట్టు వెనకాలే ఇంకొన్ని వస్తాయి. అట్లా జరిగితే అంతకంటే ఘోరం లోకంలో లేదనుకోవడం, దాని గురించి ఆలోచించడం కూడా నేను తట్టుకోలేననుకోవడం, పిల్లల్ని మధ్యలో వదిలి పోతే నేను చేతకాని తండ్రిననుకోవడం.

గుమాస్తా గారూ, మీరు గండాన్ని నమ్మడం లేదు, ఒప్పుకుంటాను. కానీ ఈ పట్టును నమ్ముతున్నారేమో చూసుకోండి. గండం ఒక తేదీ మాత్రమే ఇచ్చింది. ఆ తేదీకి అంత బలం ఇచ్చింది లోపలున్న పట్టు. అందుకే హేతువాది గారి వాదన మీకు నూటికి నూరు పాళ్లు నచ్చినా రాత్రికి మణికట్టు మీదికి వేళ్లు పోతాయి.

పట్టు వదిలితే భయమంతా మాయమవుతుందని ఎల్లిస్ అనలేదు. చావు ఇష్టం లేకపోవడం సహజం. పట్టు వదిలితే మిగిలేది జాగ్రత్త. జాగ్రత్తపడేవాడు పోయి బీపీ చూపించుకుంటాడు. భయపడేవాడు బీపీ మిషన్ కనబడితే మొహం తిప్పుకుంటాడు.

---

అనంత_హేతువాది

మాష్టారూ, మీ మాట మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఇట్లా అంటే మూఢనమ్మకం తప్పు కాదు, పట్టు మాత్రమే తప్పు అని తేలుతుంది. పట్టు లేకుండా గండాన్ని నమ్మితే పర్వాలేదా?

---

పొద్దుటూరు_మాష్టారు

పర్వాలేదని అనను. గండం అబద్ధమే, ఆ సంగతి మీరు చక్కగా చెప్పారు. అబద్ధం అని తెలిసినంత మాత్రాన భయం తగ్గదు అన్నదే నేను చెప్పింది.

ఎల్లిస్ జీవితంలోనే దీనికి సాక్ష్యం ఉంది. ఆయన పక్కా నాస్తికుడు. 1980 ప్రాంతంలో గట్టి మతవిశ్వాసాన్నే మానసిక సమస్యతో సమానంగా చూశాడు. 2000 నాటికి ఆ మాట సడలించాడు. దేవుణ్ణి గాఢంగా నమ్మేవాళ్లు కూడా మనసు ఆరోగ్యంగా ఉంచుకోగలరనీ, తన పద్ధతి వాళ్లకూ పనికొస్తుందనీ రాశాడు. తొంభై దగ్గరపడే వయసులో, జీవితమంతా వాదించిన విషయం మీద.

రెండో వైపు కూడా చూడండి. నాతో పనిచేసిన ఒకాయనకు దేవుడు లేడు, దయ్యం లేదు, జాతకం లేదు. కానీ హెల్త్ చెకప్ ప్యాకేజీ అంటే ప్రాణం. కడపలో ఒకటి చేయించుకుని, నమ్మకం కుదరక తిరుపతిలో ఇంకొకటి. రిపోర్టు చేతికొచ్చిన రోజు ముఖం వెలిగిపోతుంది. వారం తిరగకుండా "ల్యాబ్ వాళ్లు తప్పు చూశారేమో" అంటాడు. నూటికి నూరు శాతం గ్యారంటీ కావాలి ఆయనకు. అది ఏ ల్యాబ్ ఇస్తుంది? అడిగిన ప్రతిసారీ దొరికే ధైర్యం మళ్లీ అడిగే అలవాటును పెంచుతుంది. హోమం మీద హోమం చేయించేవాడి వరసా ఇదే.

---

పెన్నా_ఒడ్డు (తాడిపత్రి)

మా ఇంట్లో జరిగింది రాయాలనిపించింది. మా అవ్వ ధనిష్ఠా నక్షత్రంలో పోయింది. 86 ఏళ్లు, నిద్రలోనే పోయింది. అట్లాంటి చావు కోరుకోని వాళ్లు ఉండరు. కానీ ఏడవడానికి కూడా టైం దొరకలేదు. శవం లేవకముందే అయ్యవారు పంచాంగం చూసి ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలన్నాడు, లేకపోతే ఇంట్లో ఇంకొకరికి ముప్పు అన్నాడు.

ఇల్లు తాళం వేసి బాడుగ ఇంట్లోకి పోయాం. మా నాయనకు వచ్చేది చిన్న పింఛను. అద్దె ఒకటి, సామాన్లు మోయించిన ఖర్చు ఒకటి. అవన్నీ ఒక ఎత్తు. మా అమ్మ ఆ ఆరు నెలలూ మమ్మల్ని ఒక్కొక్కరినే చూస్తూ గడిపింది. ఎవరు దగ్గినా ఉలిక్కిపడేది. తమ్ముడు కాలేజీ నుంచి రావడం ఆలస్యమైతే వీధి అరుగు మీద కూర్చుని కొంగు నోట్లో పెట్టుకునేది. ఎవరికీ ఏమీ కాలేదు. "చూసినావా, ఇల్లు వదిలినాం కాబట్టే" అంది.

మా అమ్మతో నేను వాదించలేదు. కానీ అవ్వ ఎంత చల్లగా పోయిందో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. నాకు ఇప్పటికీ బాధ అదే. ఒక మంచి చావు చూసి మేం నేర్చుకోవాల్సింది ఉండె, అది భయం కింద పూడిపోయింది.

---

కల్యాణదుర్గం_రైతు

మాష్టారు చెప్పింది నాకు నచ్చింది కానీ ఒక సంగతి ఒదిలేసినారు. భయం పెంచే నమ్మకాల గురించే మాట్లాడుతున్నారు. భయం పోగొట్టే నమ్మకం ఇంకా ప్రమాదం.

మా చిన్నాయన్ను శెనక్కాయ చేలో రక్తపింజరి కరిచింది. పొద్దు గుంకే వేళ. కాలు అప్పుడే వాస్తా ఉంది. పక్కూళ్లో మంత్రం వేసే ఆయన ఉన్నాడు, అందరికీ ఆయన మీద గురి. ఆయన ఏదో ఆకు నలిపి పెట్టి "ఏం కాదు, విషం దిగిపోయింది" అన్నాడు. చిన్నాయన ముఖంలో భయమే లేదు. నవ్వుతా మంచినీళ్లు అడిగినాడు. ఆ ధైర్యమే ముంచింది. చిగుళ్ల నుంచి రక్తం వచ్చిందాకా ఎవరూ కదల్లేదు. ఆస్పత్రికి చేరేసరికి చేయి దాటిపోయింది.

దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షలని అంచనా వేసినారు, అంటే ఏడాదికి 58 వేల మంది. మందు లేక కాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ కలిపి పనిచేసే ఒకే ఇంజెక్షన్ ఉంది. గవర్నమెంటు ఆస్పత్రిలో డబ్బు తీసుకోరు. కాలు కదపకుండా, కోసి రక్తం తీయకుండా, గట్టిగా కట్టు బిగించకుండా తీసకపోవాల, అంతే. చీకట్లో చేలోకి పోయేటప్పుడు బూట్లు, టార్చి. నాకు పామంటే భయమే, ఆ భయం నాకు కావాల.

---

సిస్టర్_కర్నూలు

రైతన్న రాసింది ప్రతి ఊరి గ్రూపులోనూ పెట్టాలి.

---

దర్గా_వీధి_కడప

చదువుతూ ఉన్నాను, నేనూ రాస్తాను. మా ఖాలా (పిన్ని) ఆడవాళ్ల శవాలకు గుసుల్ చేయించేది. అంటే ఖననానికి ముందు స్నానం. నాకు చిన్నప్పటి నుంచి చావంటే వణుకు. సమాధిలో ఏం అడుగుతారో, ఎట్లా శిక్షిస్తారో పెద్దవాళ్లు చెప్పిన మాటలు నిద్రలో కూడా వచ్చేవి. అన్నం దగ్గర ఎవరైనా చనిపోయారని వింటే ముద్ద దిగేది కాదు.

మా పక్కింటి నానీ పోయినప్పుడు మనుషులు తక్కువై ఖాలా నన్ను పిలిచింది. రేగాకు వేసి కాచిన గోరువెచ్చని నీళ్లు, చివరి నీళ్లలో కర్పూరం. కుడివైపు ముందు, తర్వాత ఎడమవైపు. ఒంటి మీద గుడ్డ కప్పి ఉంచి, దాని కిందనే కడగాలి. ఖాలా నానీ జుట్టు విప్పి, చిక్కు తీసి మూడు పాయలు అల్లింది. నెమ్మదిగా, నొప్పి పుడుతుందేమో అన్నట్టు. ఆడవాళ్లకు కఫన్ (శవానికి చుట్టే బట్ట) ఐదు గుడ్డలు. నేను ఒక్కొక్కటే అందించాను. బయటికొచ్చాక ఆకలేసింది. అన్నం తిన్నాను.

దీన్ని మాష్టారి లెక్కలో ఏమంటారో నాకు తెలీదు. నా నమ్మకం మారలేదు, నమాజు అదే, ఆఖిరత్ (పరలోకం) మీద ఇమాన్ (విశ్వాసం) అదే. కానీ "నేను చూడలేను, తట్టుకోలేను" అనేది పోయింది.

---

పొద్దుటూరు_మాష్టారు

అమ్మా, ఏ క్లాసులోనూ ఇంత బాగా చెప్పలేదు నేను. "తట్టుకోలేను" అనే నమ్మకాన్ని పోగొట్టడానికి వాదన కంటే పనే గట్టిది. దగ్గరికి పోయి, తట్టుకుని చూడాలి.

మీరు రాసింది ఇంకో విషయానికీ సరిపోతుంది. చావు భయాన్ని కొలవడానికి 1970లో డొనాల్డ్ టెంప్లర్ 15 ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశాడు. అట్లాంటి పట్టికలతో అప్పటి నుంచి ఎంతోమంది భక్తికీ చావు భయానికీ సంబంధం వెతికారు. 2017లో వంద దాకా పరిశీలనల్ని కలిపి చూస్తే సగానికి పైగా వాటిలో సంబంధమే తేలలేదు. ఇంకో కోణంలో వెతికినవి కొద్ది పరిశీలనలే. వాటిలో ఎక్కువ శాతంలో గాఢంగా నమ్మేవాళ్లకూ, అసలు నమ్మనివాళ్లకూ భయం తక్కువగా ఉంది, నడుమ ఊగేవాళ్లకు ఎక్కువగా ఉంది. దాసు గారూ హేతువాది గారూ ఇద్దరూ రాత్రి నిద్రపోతున్నారంటే ఆశ్చర్యం లేదు.

గుమాస్తా గారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. చావు అనగానే మీకు మొట్టమొదట కనబడే బొమ్మ ఏది? మీ శవమా, ఇంకేదైనా?

---

ఆదోని_గుమాస్తా

మాష్టారూ, మీ ప్రశ్నకు జవాబు రాయడానికి కూర్చుని లేచి, కూర్చుని లేచి, ఇప్పుడు రాస్తున్నా.

నా శవం కనబడదు. మా ఇంటి వాకిలి కనబడుతుంది. నాయన పోయిన పదకొండో దినాన అప్పులోళ్లు వాకిట్లోకి వచ్చి నిలబడినారు. విత్తనాల కొట్టాయన, బోరు వేయించినప్పుడు వడ్డీకిచ్చిన ఆయన. మా అమ్మ తలుపు వెనక నిలబడి "అబ్బోడితో మాట్లాడండి" అంది. నాకు అప్పుడు మీసం కూడా సరిగా రాలేదు. చేతిలో వాళ్లిచ్చిన నోటు కాగితం. దాని మీద నాయన వేలిముద్ర. ఇప్పుడు ఆ వాకిట్లో నా బదులు నా కూతురు నిలబడినట్టు కనబడుతుంది. ఇంటర్ చదువుతోంది.

---

పొద్దుటూరు_మాష్టారు

ఆ రోజు తర్వాత మీ ఇల్లు ఏమైంది?

---

ఆదోని_గుమాస్తా

రెండెకరాలు అమ్మి బాకీ తీర్చినాం. అమ్మ పత్తి ఏరడానికి కూలికి పోయింది. నేను ఇంటర్‌తో ఆపి మిల్లులో చేరినా. తమ్ముణ్ణి చదివించినాం, బళ్లారిలో ఉద్యోగం. అమ్మ ఇప్పటికీ ఉంది, 70 దాటింది, నా కూతురికి జడ వేసేది ఆమెనే.

ఇది రాస్తుంటే ఒకటి తెలిసింది. నాయన పోతే ఇల్లు నాశనమైందని నేను ఇన్నాళ్లూ అనుకుంటూ ఉన్నా. కష్టపడింది, చాలా కష్టపడింది. నాశనం కాలేదు.

---

అనంత_హేతువాది

అన్నా, నేను అంకెల గురించి వాదించాను. మీ భయం ఉన్నది వాకిట్లో. దానికి చేయగలిగింది చాలా ఉంది. పేరు మీద ఉన్న అప్పులన్నీ ఒక కాగితం మీద రాసి ఇంటావిడకు చూపించండి. లోనుకు ఇన్సూరెన్స్ కలిపి తీసుకోండి, మీకేమైనా అయితే బాకీ అది కడుతుంది. టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంట్లోవాళ్లకు డబ్బొచ్చే బీమా) కూడా చూడండి. ఫారంలో మీ నాయన జబ్బు సంగతి దాచొద్దు, దాస్తే తర్వాత క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

---

మంత్రాలయం_దాసు

హేతువాది తమ్ముడు చెప్పినవన్నీ చెయ్యన్నా. అన్నీ చేసి, ఆ తర్వాత గురువారం రా. ఆయుష్షు అడగడానికి కాదు, ఊరికే రా. నాతో పాటు నది ఒడ్డున కాసేపు కూర్చుందువు.

---

ఆదోని_గుమాస్తా

కొద్ది రోజులుగా రాయలేదు, ఆస్పత్రికి పోయివచ్చినా. ఈసీజీ బాగుందన్నారు. బీపీ 150/96 ఉంది. మళ్లీ ఇంకో రోజు చూసినా అంతే, మాత్ర మొదలుపెట్టినారు. కొలెస్ట్రాల్ కొంచెం ఎక్కువ. విచిత్రంగా, బీపీ ఉందని తెలిసినాక భయం పెరగలేదు. పని దొరికినట్టు ఉంది.

రాత్రి గుండె చప్పుడు ఇంకా వినబడుతోంది. వేళ్లు మణికట్టు మీదికి పోతుంటే చెయ్యి దిండు కింద పెట్టుకుంటున్నా. ఒకసారి పోయి లెక్క చూసినా, ఒకసారి పోలేదు. మాష్టారు చెప్పినట్టు మనసులో అనుకుంటున్నా, "బతకాలని ఉంది, చాలా ఉంది, కానీ రాసివ్వమని ఎవరినీ అడగలేను" అని. అనుకున్న ప్రతిసారీ పనిచేయడం లేదు.

ఇంటావిడకు గండం సంగతి చెప్పేసినా. ఆమెకు పెళ్లప్పటి నుంచే తెలుసంట. నేను భయపడతానని ఎప్పుడూ ఎత్తలేదంట. శనివారం పెట్రోలు లేదనే మాట కూడా ఆమె ఏనాడూ నమ్మలేదు.

లోను కాగితాల మీద సంతకం అయింది, ఇన్సూరెన్స్‌తో కలిపే. ఇప్పుడు వీలునామా రాయాలనుకుంటున్నా. స్టాంపు పేపరు కావాలా? రిజిస్ట్రారు ఆఫీసుకు పోవాలా?

---

సిస్టర్_కర్నూలు

బీపీ నార్మల్‌కి వచ్చిందని మాత్ర మాత్రం ఆపొద్దు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ వస్తుంది. మా వార్డుకు పక్షవాతంతో వచ్చినవాళ్లలో "తగ్గిందని మానేశాను" అన్నవాళ్లను చాలామందిని చూశాను. రాత్రిపూట మరీ ఇబ్బందిగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని గవర్నమెంటుదే, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు.

---

గుత్తి_ప్లీడరు

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత గొడవలు తక్కువ. ఇద్దరు సాక్షులు మాత్రం తప్పనిసరి. వాళ్ల ముందు మీరు సంతకం పెట్టాలి, మీ ముందు వాళ్లు పెట్టాలి. ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్లనూ, వాళ్ల భార్యనో భర్తనో సాక్షులుగా పెట్టొద్దు. మీకంటే వయసులో చిన్నవాళ్లను పెట్టుకోండి. ఎప్పుడైనా మార్చుకోవచ్చు, చివర రాసిందే చెల్లుతుంది.

---

దర్గా_వీధి_కడప

ప్లీడరు గారూ, మాకు వేరేగా ఉంటుంది కదా?

---

గుత్తి_ప్లీడరు

అవునమ్మా. మీ షరియత్ ప్రకారం వీలునామాతో ఆస్తిలో మూడో వంతు దాకానే రాయొచ్చు. అది దాటితే వారసులు ఒప్పుకోవాలి. వివరంగా అడగాలంటే వేరే టాపిక్ పెట్టండి, అక్కడ రాస్తాను.